ముసురులో గుర్రం గిట్ట

ఆషాఢమాసం వచ్చిందంటే హైదరాబాదులో పెళ్లిగుర్రాలకు పని బాగా తగ్గిపోతుంది. ముహూర్తాలు లేవు, బరాత్‌లు లేవు. యజమానికి అది చేతిలో డబ్బు ఆడని నెల. లాడాలు మార్పించడం వాయిదా పడుతుంది. గుర్రాన్ని చూసుకునే సైసు ఊరికి వెళ్లిపోతాడు. గుర్రం రేకుల షెడ్డులో కట్టుగొయ్య దగ్గర రోజంతా నిలబడే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ముసురు పట్టుకుంటుంది. శ్రావణం రాగానే బేరాలు మొదలవుతాయి. గుర్రాన్ని బయటికి తీసి లాడం కొట్టించబోతే మేకు నిలవదు. గోరు అంచు పెళ్లలుగా ఊడి చేతిలోకి వస్తుంది. తప్పంతా లాడం కొట్టేవాడి నెత్తిన పడుతుంది. పాపం, ముందు నెలంతా అతను ఆ షెడ్డు మొహమే చూడలేదు.

వానాకాలంలో గిట్టకు ఏం పూయాలని అడిగేవాళ్లు చాలామంది. గుర్రం ఎక్కడ నిలబడుతోందో చెప్పేవాళ్లు తక్కువ. నేను మాత్రం ముందు ఆ నిలబడే చోటు చూశాకే మందు మాట ఎత్తుతాను. ఈ ప్రసంగం అంతా దాదాపు ఆ చోటు గురించే అనుకోండి.

ఇది నగరంలో పెళ్లిగుర్రాలు పెట్టుకున్నవాళ్లకే సంబంధించిన సంగతి కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి వైపు సరైన రోడ్డు లేని కొండ ఊళ్లలో గుర్రాలే బరువులు మోస్తాయి. సంతకు మిరియాలు, పసుపు, కాఫీ గింజలు దిగుతాయి. బియ్యం, ఉప్పు, నూనె పైకి ఎక్కుతాయి. జూన్‌లో పట్టిన వాన అక్టోబరు దాకా వదలని ప్రాంతం అది. దారంతా బురద, మధ్యలో వాగులు, వాగు దాటితే మొన తేలిన రాళ్లు. అక్కడ గుర్రం కుంటిందంటే ఆ వారం ఆ ఇంటికి సంత లేనట్టే.

గిట్ట ఎలా ఉంటుందో కాస్త చూద్దాం. గుర్రానికి ఒక్కో కాలికి నేలనంటేది ఒక్కటే వేలు. ఆ వేలికి తొడుగులా ఉన్న గోరే గిట్ట. మన గోరు దేనితో తయారైందో అదీ దానితోనే తయారైంది, కెరాటిన్ అనే మాంసకృత్తితో. చుట్టూ కనిపించే గట్టి భాగాన్ని పైగోరు అందాం. కాలెత్తి చూస్తే కనిపించేది అరికాలు. మడమ నుంచి ముందుకు మూడుమూలలుగా ఒక మెత్తటి దిమ్మ ఉంటుంది. దాన్ని మెత్త అందాం. మెత్తకు రెండు పక్కలా, మధ్యలోనూ గాడులుంటాయి. ఇక పైగోరు, అరికాలు కలిసేచోట సన్నగా, లేత రంగులో ఒక గీత చుట్టూ తిరిగి ఉంటుంది. ఈ గీతను గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పైగోరు వెంట్రుకలు ఆగే అంచు దగ్గర పుట్టి కిందికి దిగుతుంది. నెలకు సుమారుగా ఒక సెంటీమీటరు. అంటే ముందువైపు గోరు పైనుంచి నేల దాకా పూర్తిగా కొత్తది కావాలంటే తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. మడమ దగ్గర గోరు పొట్టి కాబట్టి అంతకంటే ముందే మారుతుంది. ఇవాళ కింద రాలిపోతున్న గోరు నిరుడు పుట్టింది. ఇవాళ మంచి మేత పెడితే దాని ఫలితం పైఅంచు దగ్గర మొదలై వచ్చే వానాకాలానికి నేలను తాకుతుంది. వారం రోజుల్లో గిట్ట గట్టిపడుతుందని ఎవరైనా సీసా అమ్మితే ఈ లెక్క చెప్పి చూడండి.

మరి వాన గోరును ఏం చేస్తుంది? గోరులో ఎప్పుడూ కొంత నీరు ఉంటుంది. పైగోరులో తక్కువ, అరికాలిలో కాస్త ఎక్కువ, మెత్తలో సగం దాకా. బయటి తడి ఎక్కువైతే గోరు నీరు పీల్చి మెత్తబడి వ్యాకోచిస్తుంది. ఎండ కాస్తే ఆరి ముడుచుకుంటుంది. అసలు హాని ఎడతెగని తడి కంటే ఈ మార్పుల వల్లే ఎక్కువ. ముసురుకు ఉబ్బి బిగుసుకున్న తలుపు ఎండకు మళ్లీ వదులై, నాలుగేళ్లలో కీళ్ల దగ్గర చీలినట్టు, గిట్ట కూడా ఉబ్బుతూ తగ్గుతూ మేకుల దగ్గర వదులవుతుంది. లాడం మేకు తన రంధ్రంలో కదలడం మొదలుపెడుతుంది. రంధ్రం పెద్దదవుతుంది. లాడం ఒక పక్కకు జరుగుతుంది. ఒకరోజు పెళ్ల ఊడదీసుకుని మరీ లాడం రాలిపోతుంది. పొద్దున బురదలో నిలబెట్టి, పదింటికి కాళ్లు కడిగి, మధ్యాహ్నం ఎండలో తారురోడ్డు మీద నడిపించి, సాయంత్రం మళ్లీ కడిగే గుర్రానికి ఈ బాధ మరీ ఎక్కువ. శుభ్రంగా ఉంచుతున్నామనే అనుకుంటాం. రోజూ పదేపదే గోరును నానబెట్టి ఆరబెడుతున్నామన్న సంగతి తోచదు.

వాననీటి కంటే చెడ్డది ఇంకొకటి ఉంది. షెడ్డులో నిలిచిన మూత్రం. కుళ్లిన మూత్రం, పేడ నుంచి ఘాటుగా ముక్కుకు తగిలే అమ్మోనియా పుడుతుంది. అది గోరును కొరుక్కు తింటుంది. షెడ్డులోకి అడుగుపెట్టగానే మీ కళ్లు మండితే గుర్రం గిట్టలకు మంచి రోజులు కావని అర్థం. ఇక ఈగలు. వానాకాలపు కుట్టే ఈగలకు గుర్రం రోజంతా కాళ్లు నేలకేసి కొడుతుంది. నానిన గోరు, కింద సిమెంటు గచ్చు, గంటల తరబడి దెబ్బలు. గోరు అంచులు ఎందుకు రాలుతున్నాయో తెలియదన్న ఇళ్లలో ఒకసారి మధ్యాహ్నం పూట కూర్చుని గుర్రం కాళ్లు చూడండి. పేడ ఎప్పటికప్పుడు దూరంగా పోయించి, సాయంత్రం వేపాకు పొగ గాలి ఆడేలా వేస్తే ఎంతో తేడా ఉంటుంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన సామెత. గుర్రం విషయంలో అడుసు తొక్కించేదీ మనమే, కాలు కడగాల్సిందీ మనమే. కాబట్టి అడుసు దగ్గరే పట్టుకోవడం తెలివి.

ఈ మాట కొత్తది కాదు. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో గ్రీసులో జెనఫన్ అనే సైనికుడు గుర్రాల పెంపకం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అప్పటికి గ్రీకులకు మేకులతో బిగించే లాడాలు లేవు. గుర్రం యుద్ధానికి వెళ్లినా ఊరేగింపుకు వెళ్లినా దాని గోరే దానికి దిక్కు. తడిగా, నున్నగా ఉన్న నేల మంచి గిట్టలను కూడా పాడుచేస్తుందని ఆయన రాశాడు. సాలలో నేల వాలుగా ఉండి నీరు పోవాలన్నాడు. సాల బయట గుర్రాన్ని మాలిష్ చేసేచోట చేతికి పట్టేంత గుండ్రాళ్లు నాలుగైదు బండ్లు పరిపించమన్నాడు. చెదిరిపోకుండా చుట్టూ ఇనప అంచు కట్టమన్నాడు. రోజూ కాసేపు వాటి మీద నిలబడితే రాతిబాట మీద నడిచినట్టే గోరు గట్టిపడుతుందని ఆయన ఆలోచన. రెండువేల మూడువందల ఏళ్లు దాటాయి. దీనికంటే చవకైన వైద్యం నాకైతే కనబడలేదు.

మన షెడ్డులో అది ఎలా కుదురుతుంది? మొత్తం నేల తవ్వించనక్కర్లేదు. గుర్రం రోజులో ఎక్కువసేపు నిలబడేది మేతతొట్టి దగ్గర, నీళ్లతొట్టి దగ్గర. అక్కడ పది అడుగులకు పది అడుగులు జాగా తీసుకోండి. అర అడుగు లోతున బురద మట్టి తీసేయండి. కింద కంకర, పైన సన్న గ్రావెల్ గాని, ఏటి ఇసుక కలిసిన గులకరాళ్లు గాని వేసి దిమ్మిసతో కొట్టించండి. గజానికి అంగుళం చొప్పున ఒక పక్కకు వాలు ఉండాలి. ఆ వాలు చివర చిన్న కాలువ, అది షెడ్డు బయటికి పోవాలి. రేకుల మీది నీరు ఆ చోటికి జారకుండా అంచున గొట్టమో, సగానికి చీల్చిన వెదురో కట్టండి. కొండ ఊళ్లలో వెదురుకు కొదవ లేదు, ఏటి గులకకూ కొదవ లేదు. కావలసింది ఇద్దరు మనుషులు, ఒక పూట. సిమెంటు గచ్చు ఇప్పటికే ఉన్నవాళ్లు దాని మీద వరి ఊకో రంపపు పొట్టో మందంగా పరిచి, తడిసిన భాగం రోజూ ఎత్తేయాలి. పైపైన పొడి ఊక చల్లి అడుగున తడిని దాచడం వల్ల షెడ్డు చూడ్డానికి బాగుంటుంది, అంతే.

మలక్‌పేటలో రేసులు ఇదే వానాకాలంలో జరుగుతాయి. అదే నగరం, అదే వాన. ఆ రేసుగుర్రాలు పరుగెత్తేది తడిసిన ట్రాక్ మీదే. పైగా వాటికి కొట్టేది పల్చటి అల్యూమినియం లాడాలు. అవి జాతి గుర్రాలు, వాటి మీద పెట్టే ఖర్చు వేరు, నిజమే. కానీ పరుగు అయిపోయాక అవి తిరిగి వెళ్లేది పొడి నేల మీదికి. రోజులో కొన్ని గంటలు తడిసినా, మిగతా గంటలు పొడిగా నిలబడే గుర్రానికి గిట్ట తట్టుకుంటుంది. పెళ్లిగుర్రానికైనా, కొండగుర్రానికైనా మనం ఇవ్వగలిగింది ఆ పొడి గంటలే.

ఇక రోజువారీ పని. రోజుకు ఒకసారైనా నాలుగు కాళ్లూ ఎత్తి, మొండి కొక్కెంతో బురద, పేడ, రాళ్లు తీయాలి. ఎప్పుడూ మడమ వైపు నుంచి ముందువైపుకు తీయండి. ఎదురు తీస్తే కొక్కెం మెత్తలో దిగుతుంది. నీళ్లతో కడగకుండా గట్టి బ్రష్షుతో దులిపితే ఇంకా మంచిది. కడగక తప్పకపోతే పొడి గుడ్డతో తుడవండి. తీసేటప్పుడు చూపుతో పాటు ముక్కు కూడా పనిచేయాలి. మెత్త పక్క గాడుల్లోంచి నల్లటి జిగురు వస్తూ, కుళ్లు కంపు కొడితే మెత్త కుళ్లడం మొదలైందన్నమాట. గాలి ఆడని తడిలో పెరిగే సూక్ష్మజీవుల పని అది. మధ్య గాడిలో కొక్కెం మొన లోతుగా దిగి, గుర్రం కాలు లాక్కుంటే ముదిరిందని తెలుసుకోవాలి.

ఇందాక చెప్పిన లేత గీత దగ్గరికి ఇప్పుడు వద్దాం. అక్కడ బూడిదరంగు పొడిలాంటిది రాలుతోందా? చిన్న సందు ఏర్పడి అందులో బురద కూరుకుందా? పైగోరును చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, బోలుగా ఉన్నచోట ఇంకో చప్పుడు వస్తాయి. గీతలో దూరిన బాక్టీరియా, బూజు గోరు లోపలి పొరను తింటూ పైకి పాకుతాయి. బయటికి గోరు బాగానే కనిపిస్తుంది, లోపల గుల్ల. దీనికి పైపూత పనిచేయదు. చెడిన గోరును చెక్కి, ఆ గుల్లకు గాలి తగిలేలా తెరవాలి. ఆ పని డాక్టరు, లాడం కొట్టేవాడు కలిసి చేయాలి. ఇంటిదగ్గర కత్తి పట్టకండి.

ఇప్పుడు మందుల సంగతి. మెత్త కుళ్లినప్పుడు, గీతలో సందు పడినప్పుడు మైలుతుత్తం బాగా పనిచేస్తుంది. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి, శుభ్రం చేసి ఆరిన గిట్ట అడుగున బ్రష్షుతో పూసి, అరగంట పొడి చోట నిలబెట్టాలి. పలుకులు పలుకులుగా గాడుల్లో కూరడం మానుకోండి. అవి బాగున్న కండను కూడా కాలుస్తాయి. మైలుతుత్తం ద్రావణం ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి, ఇనుమును తినేస్తుంది. మిగిలిన నీళ్లు ఏ పశువూ తాగనిచోట పారబోయండి. మైలుతుత్తం దొరక్కపోతే పోవిడోన్ అయొడిన్ సరిపోతుంది.

నూనెల విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయం. ఎండాకాలంలో పొడిబారి పగిలే గోరుకు పల్చగా నూనె రాస్తే నాకు అభ్యంతరం లేదు. వానాకాలంలో మాత్రం తడి గిట్టకు నూనె పట్టించడమంటే లోపలి తడికి మూత పెట్టడమే. గాలి ఆడని తడి అంటే సూక్ష్మజీవులకు పండగ. మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన పాత ఇంజనాయిల్ పూయడమైతే ఎవరు మొదలుపెట్టారో గాని, గిట్ట నల్లగా నిగనిగలాడటం తప్ప దానితో ఒరిగేది లేదు. ఊరేగింపు ముందు గిట్టలకు పూసే మెరుపు రంగులూ అంతే. పూయక తప్పకపోతే ఇంటికి రాగానే తుడిచేయండి.

లాడం కొట్టేవాడితో మీ సంబంధం డబ్బులిచ్చే దగ్గర మొదలై అక్కడే ఆగిపోకూడదు. ఐదారు వారాలకోసారి అతను రావాలి, లాడం అరిగినా అరగకపోయినా. ఎందుకంటే లాడం అరగకపోయినా గోరు పెరుగుతూనే ఉంటుంది. పొడవు పెరిగిన గోరు నానితే అంచులు విచ్చుకుంటాయి. అతను పనిచేస్తుంటే పక్కన ఉండండి. ఆకురాయితో కింది అంచు చుట్టూ గుండ్రంగా తీయమనండి. పదునుగా వదిలేసిన అంచే ముందు రాలుతుంది. గిట్ట బయటి ముఖాన్ని మాత్రం నున్నగా గీకనివ్వకండి. తడిని కొంతవరకు ఆపే సహజమైన పైపొర అక్కడుంది, నిగారింపు కోసం దాన్ని గీకేస్తే ఇక రక్షణ లేదు. బలహీనమైన గోరుకు సన్న మేకులు, వీలైనన్ని తక్కువ మేకులు, అవి కూడా గోరు బాగున్నచోటే. మడమ వైపు మేకులు వద్దు. అడుగు వేసినప్పుడల్లా మడమ కొద్దిగా విచ్చుకుంటుంది, మేకు దాన్ని పట్టేస్తుంది. ఊడిన లాడాన్ని అదే రంధ్రాల పక్కన మళ్లీ మళ్లీ కొట్టించడం కంటే కొన్ని వారాలు లాడం లేకుండా ఉంచడం మేలు.

అందుకే ఆషాఢాన్ని నేను నష్టం నెలగా చూడను. బేరాలు లేని ఆ రోజుల్లో లాడాలు తీయించి, గోరు కత్తిరించి, అంచులు గుండ్రంగా తీయించి, గులక పరిచిన పొడి చోట గుర్రాన్ని ఉంచితే నెల తిరిగేసరికి పాత మేకు రంధ్రాలు ఒక సెంటీమీటరు కిందికి దిగి ఉంటాయి. శ్రావణంలో మేకు కొట్టడానికి కొంత కొత్త గోరు దొరుకుతుంది. లాడాలు తీశాక రాతినేల మీద పనికి పంపకూడదు, అది వేరే చెప్పనక్కర్లేదు. ఇంకో జాగ్రత్త: పని లేని నెలలో దాణా సగానికి తగ్గించండి. నిలబడి ఉన్న గుర్రానికి గుగ్గిళ్లు, తవుడు ఎప్పటిలాగే పెడుతూ, పైన వానకు మొలిచిన లేతగడ్డి కూడా వేస్తే గిట్ట లోపల గోరును ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచిపోతాయి. గుర్రం ముందుకాళ్లు ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. అడుగు వేయమంటే వేయదు. ఇది గోరు రాలడం లాంటి చిన్న సంగతి కాదు, ఆ రోజే డాక్టరును పిలవాల్సిన జబ్బు.

మేతలో గోరుకు పనికొచ్చేది ఏమిటి? కెరాటిన్‌కు గట్టిదనం ఇచ్చేది అందులోని గంధకం. ఆ గంధకం మెథియోనిన్ లాంటి వాటి ద్వారా వస్తుంది. ఉలవల్లో, శనగల్లో మాంసకృత్తులు దండిగా ఉన్నా మెథియోనిన్ తక్కువే. నువ్వుల్లో అది బాగా ఉంటుంది. కాబట్టి రోజూ దాణాలో రెండు మూడు గుప్పిళ్ల తెలకపిండి కలపడం మంచి అలవాటు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. తవుడు మీదే బతికే గుర్రానికి ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి, అందులో జింక్, రాగి ఉండాలి. బయోటిన్ అనే విటమిన్ గురించి మీరు వినే ఉంటారు. 1995లో వెలువడిన ఒక అధ్యయనంలో ఐరోపాలోని లిపిజ్జానర్ జాతి గుర్రాలకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున నెలల తరబడి ఇచ్చి చూశారు. గోరు నాణ్యత మెరుగైంది, కానీ ఆ మెరుగు కనబడటానికి నెలలే పట్టింది. మన కొండగుర్రాలు ఒళ్లు చిన్నవి, వాటికి అందులో సగం చాలు. ఒక సీసా వాడి మానేసేవాళ్లు ఆ డబ్బుతో గులకరాళ్లు తోలించుకోవడం నయం.

తెల్ల గిట్ట మెతక, నల్ల గిట్ట గట్టి అని గుర్రాలు కొనేవాళ్లు అంటుంటారు. పరీక్షించి చూస్తే రంగు వల్ల గోరు బలంలో తేడా కనబడలేదు. తెల్ల గిట్టలో మురికి, పగుళ్లు త్వరగా కళ్లబడతాయి. వానాకాలంలో నాకైతే అది మంచిదే.

చివరిగా అత్యవసరాల సంగతి. నిన్న బాగా నడిచిన గుర్రం ఇవాళ ఒక కాలు నేల మీద పెట్టలేకపోతే, గిట్ట పట్టుకుంటే వెచ్చగా తగిలితే, గిట్టకు పైన కాలి వెనక రెండు పక్కలా వేలు పెట్టి చూసినప్పుడు నాడి గట్టిగా కొట్టుకుంటుంటే, గిట్టలో చీము పట్టి ఉండవచ్చు. నానిన అరికాలిలో చిన్న రాయి దిగినా, మేకు గుచ్చుకున్నా ఇలా జరుగుతుంది. డాక్టరు వచ్చి చీముకు దారి చేశాక వెచ్చటి నీళ్లలో భేదిఉప్పు కరిగించి గిట్టను కాసేపు ముంచి, తర్వాత శుభ్రమైన గుడ్డ చుట్టి, పైన గోనెపట్టా కట్టి బురద తగలకుండా చూడాలి. అసలు ప్రమాదం ధనుర్వాతం. పెంపుడు జంతువుల్లో ధనుర్వాతానికి గుర్రం అంత తేలిగ్గా లొంగేది ఇంకొకటి లేదు. దాని క్రిములు మట్టిలో, గుర్రపు పేడలోనే ఉంటాయి. మొదట నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు టీకాలు, ఆ తర్వాత ఏటా ఒకటి. మే నెలలో వేయిస్తే వానల నాటికి గుర్రం సిద్ధంగా ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల సంచార వైద్యశాల కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. చేసినప్పుడు నాలుగు సంగతులు దగ్గర పెట్టుకోండి: ఏ కాలు, ఎన్నాళ్ల నుంచి, లాడం ఎప్పుడు కొట్టించారు, ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించారు. టీకా తేదీని షెడ్డు తలుపు మీద సుద్దతో కాకుండా పెయింటుతో రాసి ఉంచండి. వానకు సుద్ద నిలవదు.